పూలమ్మ చాయ్ తాగిందా?

మా సార్ పోయారన్న కబురు పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పరీక్ష వాయిదా పడిందనో, ఫలితాలు కోర్టులో ఆగాయనో తప్ప మరో ముచ్చట తెలియని గ్రూపు అది. అలాంటిదే ఏదో అనుకుని తెరిచాను. "సార్ లేరు. పొద్దున దవాఖానలనే పోయిండ్రు" అని ఉంది. నేను పనిచేసే మున్సిపల్ ఆఫీసులో, నా ఎదురుగా టెండరు కాగితాలు పరిచి ఉన్నాయి. వాటిలో ఒక షరతు సరిగ్గా ఉందో లేదో సాయంత్రం ఆయనకే ఫోన్ చేసి అడగాలనుకున్నాను. ఇక ఎవరిని అడగాలి అన్నదే ముందు తోచింది. ఏడుపు హైదరాబాద్ బస్సెక్కాక వచ్చింది.

అశోక్‌నగర్‌లో ఒక చిన్న కోచింగ్ సెంటర్లో ఆయన మాకు పరిపాలన పాఠం చెప్పేవారు. అంతకుముందు నగర కార్పొరేషన్ ఆఫీసులో, పనులను కాంట్రాక్టుకు ఇచ్చే విభాగంలో చేసి రిటైరయ్యారు. మేమేమో ఊళ్ల నుంచి వచ్చి, హాస్టల్లో ఒక మంచం కిరాయికి తీసుకుని చదివేవాళ్లం. మాకు బిట్లు కావాలి, ఆయనకు ప్రశ్నలు కావాలి. "ప్రభుత్వం చెత్త ఎత్తుతుంది" అని ఎవరైనా అంటే చాలు, చాక్‌పీసు పక్కన పెట్టేసేవారు.

"ప్రభుత్వమంటే ఎవరే? దానికి చేతులున్నయా, చీపురున్నదా? పొద్దున మీ హాస్టల్ ముంగట ఊడ్చినామె ఎవరి మనిషి? పోయి అడిగి రాపోండ్రి."

"సార్, ఇది ఎగ్జాంల వస్తదా?" అని వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అడిగేవారు.

"ఎగ్జాంల రాదు. నౌకరిల వస్తది" అనేవారు.

ఆదివారం పొద్దున్నే మమ్మల్ని నడకకు తీసుకెళ్లడం ఆయన అలవాటు. చిక్కడపల్లి మార్కెట్ మీదుగా నారాయణగూడ దాకా వెళ్లి రావడానికి గంట సరిపోవాలి. సార్ వెంట ఉంటే పూట పట్టేది. ఒకసారి నారాయణగూడ చౌరస్తాలో నిచ్చెనెక్కి వీధి దీపం బాగుచేస్తున్న మనిషిని చూసి ఆగిపోయారు.

"అన్నా, నువ్వెవరి కింద పనిచేస్తవ్?"

"కాంట్రాక్టర్ కింద. ఏమైంది సార్, కంప్లేంటా?"

"కంప్లేంట్ కాదే, ఊకెనే. ఆయనెవరి కింద?"

"ఇంకో కాంట్రాక్టర్ కింద."

"మరి ఆయన?"

"గది నాకెందుకు సార్! జర నిచ్చెన పట్టుకుంటరా?"

దీపం వెలిగేదాకా సార్ ఆ నిచ్చెన పట్టుకునే నిలబడ్డారు. అన్నీ ప్రభుత్వమే చేయాలని మాలో సగంమంది, అన్నీ ప్రైవేటుకు ఇచ్చేయాలని మిగతా సగం కొట్లాడుకునేవాళ్లం. ఆయన ఏ పక్షమూ తీసుకునేవారు కాదు. "ఇచ్చుడు తప్పంటలేను. బయటోళ్లకు ఇయ్యి. ఇచ్చినంక అడిగెటోడు ఒకడు ఆఫీసుల ఉండాలె. వాడికి ఏమడగాల్నో తెల్వాలె" అనేవారు. ఎన్నిసార్లు అన్నారో! అప్పట్లో దాన్ని కూడా ఒక బిట్‌లాగే రాసుకున్నాం.

ఆ నడకలో మాకు అర్థంకాని ఆచారం ఒకటుండేది. చిక్కడపల్లి మార్కెట్ మొదట్లో పూలమ్ముకునే ఆమెకు సార్ చాయ్ తెప్పించేవారు. అందరం ఆమెను పూలమ్మ అనేవాళ్లం. ఆమె తాగడం పూర్తయ్యేదాకా సార్ కదిలేవారు కారు. మాకు మాత్రం బిస్కెట్ కూడా ఇప్పించేవారు కాదని నవ్వుకునేవాళ్లం. చివరికి ఉండబట్టలేక నేనే అడిగేశాను.

అప్పుడు చెప్పారు. సార్ సర్వీసులో ఉండగా, ఆ పూలబుట్ట వెనకే ఉన్న పబ్లిక్ బాత్రూం నిర్వహణను తొలిసారి కాంట్రాక్టుకిచ్చారు. షరతులు రాసింది ఆయనే. ఎప్పుడు తనిఖీకి వెళ్లినా శుభ్రంగా ఉండాలి, లేకపోతే బిల్లులో కోత. రాసుకుని మురిసిపోయారట. అంతకు తగ్గట్టే రిపోర్టులన్నీ భేషుగ్గా వచ్చాయి. స్వయంగా వెళ్లి చూస్తే టైల్స్ తళతళలాడుతున్నాయి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఇంట్లో మేడం కోసం మల్లెపూలు కొంటూ, పూలమ్మ పెదవులు ఎండిపోయి ఉండటం చూసి ఆమెకొక చాయ్ చెప్పారు. ఆమె వద్దంది.

"ఏమ్మా, షుగరా?"

"షుగర్ లేదు, ఏం లేదు సారూ. తాగితే ఎటు పోవాలె?"

"గదేందమ్మా, నీ ఎన్కనే ఉన్నది కదా."

పూలమ్మ పకపకా నవ్వింది. "గదా? గది మీ ఆఫీసోళ్లది కదా సారూ! మీరొచ్చినప్పుడే తీస్తరు."

మార్కెట్లో కూర్చునే ఆడవాళ్లంతా పొద్దున్నుంచి ఇంటికెళ్లేదాకా గుక్కెడు నీళ్లు తాగడం లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. కాంట్రాక్టర్ మనిషిని పిలిచి నిలదీస్తే, దాచకుండా చెప్పాడు. "జనం వాడితే ఖరాబైతది సార్. ఖరాబైతే మీరు బిల్లు కోస్తరు. అందుకే తాళమేసిన."

ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా, ఇక్కడికి వచ్చేసరికి సార్ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వేవారు. కళ్లు తుడుచుకుని, "వాడు మోసం జేయలే. నేను రాసింది రాసినట్టే జేసిండు. శుభ్రంగుండాలని రాసిన. తెరిచి ఉండాలని రాయలే" అనేవారు.

షరతు మార్చాలని ఫైలు పెట్టారు. మార్కెట్ ఆడవాళ్లను అడిగి బిల్లు ఇద్దామన్నారు. పూలమ్ముకునే ఆమె మాట మీద బిల్లు ఆపితే రేపు కోర్టులో నిలబడుతుందా అని పైవాళ్లు అడిగారు. అది కూడా మంచి ప్రశ్నే అని సార్ ఒప్పుకునేవారు. రోజూ వెళ్లి చూడటానికి మనిషినైనా ఇవ్వమన్నారు. ఆ పని తెలిసిన వాళ్లంతా రిటైరయ్యారు, ఖాళీలు నింపలేదు. దాంతో తానే ఆఫీసుకు వెళ్లే దారిలో స్కూటర్ ఆపి పూలమ్మకు చాయ్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆమె తాగితే తలుపు తెరిచి ఉన్నట్టు. వద్దంటే ఎక్కడో గడబిడ జరిగినట్టు; అప్పుడు పోయి తాళం తీయించేవారు. రిటైరయ్యాక కూడా ఆ తనిఖీ మానలేదు.

నేను చేరేసరికి చిక్కడపల్లి గల్లీలోని సార్ ఇంటి ముందు జనం ఉన్నారు. మేడం నా చేయి పట్టుకుని, "మీ సారు దవాఖానల గూడ ఊకోలే. సెలైన్ పెడుతున్న నర్సు పిల్లను, నీ జీతం ఎవరిస్తరు బిడ్డా అని అడిగిండు" అన్నారు. అంత దుఃఖంలోనూ ఇద్దరం నవ్వాం.

పూలమ్మ దండ తెచ్చి గేటు దగ్గర కూర్చుంది. చాలా ముసలిదైపోయింది. పక్క హోటల్ నుంచి అందరికీ చాయ్ తెప్పించారు. ఆమె తన గ్లాసు కింద పెట్టేసింది. చూస్తుండగానే దాని మీద మీగడ కట్టింది. పక్కన కూర్చుని, "జర తాగు అవ్వా" అన్నాను.

"వద్దు బిడ్డా."

"సార్ యాదికొస్తున్నడా?"

"రాడా మరి! గాని గందుకు కాదు. ఇగ పోయి పొద్దుమీకేదాక మార్కెట్ల కూసోవాలె. సారు దవాఖానల పడ్డప్పటి సంది మల్ల తాళమేసిండ్రు."

నాకు దుఃఖంతో పాటు కోపమూ వచ్చింది. ఇంత పెద్ద ఆఫీసు, ఇన్ని టెండర్లు పెట్టుకుని, చివరికి అంతా ఒక ముసలాయన కొనిచ్చే చాయ్ మీద నడిచిందా? ఆయన మీద కూడా కోపమే. అడిగేవాడు ఆఫీసులో ఉండాలని మాకు చెప్పి, తానొక్కడే ఎందుకు అడుగుతూ పోయారు?

మర్నాడు వార్డు ఆఫీసుకు వెళ్లాను. అక్కడున్నది ఒక కుర్ర ఆఫీసరు. అతనూ అశోక్‌నగర్ హాస్టళ్లలో చదివిన వాడేనట. ఫోన్ తీసి చూపించాడు. కొత్త కాంట్రాక్టులో రోజూ ఫోటో పంపాలని షరతు ఉందట.

"చూడుండ్రి మేడం, ఎంత నీటుగున్నదో!"

"నీటుగనే ఉన్నది తమ్ముడూ. ఒక్క ఫోటోలనన్న నేల తడిగున్నదా?"

అతను ఒక్కొక్క ఫోటో వెనక్కి జరుపుతూ పోయాడు. ముందు విసుగ్గా, తర్వాత కళ్లు చిన్నవి చేసుకుని, ఆ తర్వాత ఆగలేక. "అరె! ఎవ్వలు వాడుతనే లేరు. గిది నేను చూడనే లేదు" అని లేచి, చెప్పులేసుకుని, కాంట్రాక్టర్ మనిషికి ఫోన్ చేస్తూ నాతో పాటే బయల్దేరాడు. దారిలో సార్ తనిఖీ గురించి చెప్పాను. "చాయ్ ఖర్చు ఏ పద్దు కింద రాయాలె మేడం?" అన్నాడు. అతను నిజంగానే అడుగుతున్నాడు. సార్ వింటే ఎంత సంబరపడేవారో!

తాళం తీయించాక, ఎవరూ చెప్పకుండానే వెళ్లి చాయ్ తెచ్చి పూలమ్మ ముందు పట్టాడు. ఆమె గ్లాసును చూసింది, అతన్ని చూసింది. మోకాళ్ల మీద చేతులూని మెల్లగా లేచింది.

"జర పట్టుకో బిడ్డా" అని బుట్ట వెనకున్న బాత్రూం వైపు నడిచింది.

ఆ కుర్రాడు వేడి గ్లాసును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, బుట్ట పక్కనే నిలబడ్డాడు. కాసేపటికి ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, గ్లాసు అందుకుంది.