మట్టి చప్పుడు వినే మా అత్తయ్య

మా అత్తయ్య పోయిందన్న కబురును నేను ముందు నమ్మలేదు. పై వాటాలో ఉండే ఓనరమ్మ వాళ్ళ ఫోనుకు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఆమె మెట్లు దిగి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"మీ అత్త పోయిందంట బిడ్డా."

"ఫోను చేసింది ఎవరండీ? ఏ వార్డన్నారు?"

"నీ మొగుడే చేసిండు," అని ఆమె నా వంక వింతగా చూసింది. పెళ్ళయిన ఈ మూడేళ్ళలో ఆమెతో నేను అన్ని మాటలు ఒక్కసారిగా అనడం అదే మొదలు. అలా అడగాలని నేర్పింది పోయిన మనిషే. "చెడ్డ కబురు తెచ్చినవాణ్ణి ముందు ఎవరు చెప్పారో అడగాలి. ఏడవడానికి తర్వాత బోలెడంత టైముంటుంది," అనేది.

మన సంఘ పత్రికకు ఆవిడ గురించి నాలుగు మాటలు రాసివ్వమని పాస్టరు గారి భార్య నన్ను అడిగారు. ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు అడిగారో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

మా అత్తయ్య గుంటూరు వైపు నుంచి సికింద్రాబాద్ వచ్చి, మిషన్ బడిలో ఆయాగా పనిచేసి, భర్త పోయాక ఒక్కతే కొడుకును పెంచుకుంది. సంఘంలో ఆవిడ తెలియనివాళ్ళు లేరు, ఆవిడ అనుమానించనివాళ్ళూ లేరు. పిండిమరకు గోధుమలు పట్టుకెళ్తే, మన గోధుమలు మన పిండిగా వచ్చేదాకా మర పక్కనే నిలబడి, నెత్తి మీద పిండితో ఇంటికి వచ్చేది. దూది ఏకేవాడికి పరుపు ఇస్తే, దూదిలో గుర్తుకు నీలం దారం ముక్కలు వేసి ఇచ్చేది. మోండా మార్కెట్‌లో టమాటాల కుప్ప పైవి ముట్టుకునేదే కాదు. చెయ్యి అడుక్కి పోనిచ్చి తీసేది. "పైవి చూడ్డానికి పెట్టారు, కిందివి అమ్మడానికి పెట్టారు," అనేది.

నన్నూ అనుమానించింది. నేను ఆరో తరగతి దాకా చదివాను. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. "మాట్లాడనివాళ్ళ కడుపులో ఏముందో దేవుడికే తెలియాలి," అని నేను కాచిన పాలు ఆరు నెలలపాటు వాసన చూసి తాగింది. అయితే నాకు జ్వరమొచ్చినప్పుడు, కాంపౌండరు ఎక్కడ నీళ్ళ సూది వేస్తాడోనని మందు సీసా అతని చేతిలోంచి తీసుకుని చూసింది కూడా ఆవిడే. నేను మొదటిసారి ఒంటరిగా సిటీ బస్సెక్కిన రోజు, తన గాజుకున్న పిన్నీసు తీసి నా గాజుకు తగిలించింది.

"నోరు లేనిదానికి పిన్నీసైనా ఉండాలి," అంది.

ఆవిడ అనుమానం సమాధుల తోట దాకా వచ్చేది. సంఘంలో ఎవరు పోయినా వెళ్ళేది, నన్నూ తీసుకెళ్ళేది. అందరితోపాటు గుంటలోకి పిడికెడు మట్టి వేసి, తల ఒక పక్కకు వంచి, పెట్టె మీద ఆ మట్టి పడ్డ చప్పుడు వినేది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తీర్పు చెప్పేది.

"టేకు కాదే పిల్లా. గుడ్డ కింద అంతా డొల్ల. పాపం, ఆ పిల్లలు అప్పు చేసి మరీ టేకు ధర పోశారు."

ఒకసారి నా మోకాలు తట్టి అంది: "నాకు చవకది చాలు. కానీ చవకదని తెలిసి కొనండి. అప్పు చేసి పూడ్చొద్దు, మోసపోయి పూడ్చొద్దు." నేను తలూపాను. "తలూపితే కాదు, నోటితో చెప్పు," అంది. "సరే అత్తయ్యా," అన్నాను.

ఆవిడ పోయిన రోజంతా ఆ మాటే నాకు గుర్తొచ్చింది. మా ఆయనకు అందరినీ నమ్మడమే తెలుసు. బోయిన్‌పల్లి దారిలో శవపేటికలు చేసే కొట్టుకు వెళ్తూ, "అమ్మ పెట్టెకు బేరమాడొద్దు, బాగోదు. తక్కువైతే ఆఫీసులో అప్పు తీసుకుంటాను," అన్నారు. నేను ఎప్పుడు బేరమాడాను గనక.

కొట్టాయన నల్ల మఖమల్ గుడ్డ తొడిగి, ఇత్తడి పిడులు బిగించిన పెట్టె చూపించాడు.

"అసలు టేకు సార్. అమ్మకు ఇజ్జత్‌గ ఉంటది. పైసలు జెర ఎన్కముందు ఇచ్చినా పరవాలేదు."

అంత మంచిగా మాట్లాడేసరికి నాకు అనుమానమొచ్చింది. మా ఆయన జేబులో చెయ్యి పెట్టారు. నేను కొంగు నిండుగా కప్పుకుని, వంగి, పెట్టె లోపల వేలి కణుపుతో కొట్టాను. చప్పుడు డొల్లగా వచ్చింది. మూల దగ్గర గుడ్డ కిందికి గోరు పోనిచ్చి లాగాను. చెక్క మీద ఆపిల్ పండు బొమ్మ, సగం తెగిన ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. పళ్ళ మార్కెట్‌కు లారీల్లో వచ్చే పెట్టెల చెక్క అది.

"గుడ్డ ఇప్పి చూసేటోళ్లు ఇయ్యాల్టి దాక ఎవలు రాలేదమ్మా," అన్నాడు కొట్టాయన, కోపం లేకుండానే. "మట్టిలకు పొయ్యేదే గద. లోపట ఏముంటే ఏంది?"

నేను అన్నది నాకే వినబడలేదు. రెండోసారి అన్నాను.

"గుడ్డ లేని పెట్టె కావాలి."

"గుడ్డ లేకుంటె మంది ఏమనుకుంటరు?"

"చెక్క కనబడుతుంది."

మా ఆయన చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికి వచ్చింది. గోడకు ఆనించి మామిడి పలకలు ఉన్నాయి. వాటితో చెయ్యమన్నాను. మఖమల్ వద్దు, ఇత్తడి వద్దు, రంగు వద్దు. చేతిలో ఉన్నదాంట్లోనే సరిపోయింది, అప్పు అక్కర్లేకపోయింది. పని అయ్యేదాకా పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను.

"ఈ అమ్మకు నా మీద బరోస లేదు సార్," అని కొట్టాయన నవ్వాడు.

"మా అమ్మకూ ఎవరి మీదా లేదు," అన్నారు మా ఆయన.

పెట్టెను మర్నాడు పొద్దున బండి మీద పంపిస్తానన్నాడు. రాత్రికి రాత్రి మార్చేస్తే? ఆయన అటు తిరిగి పనిముట్లు సర్దుకుంటుంటే, గాజుకున్న పిన్నీసు తీసి అడుగు పలక మూల మీద చిన్న సిలువ గీశాను. చెక్క గట్టిది. పిన్నీసు వంగిపోయింది.

మర్నాడు పెట్టెను వాకిట్లో రెండు స్టూళ్ళ మీద పెట్టారు. జనం వట్టి చెక్కను చూసి గుసగుసలాడారు. "గుడ్డ పేలికైనా లేదేమిటి? ఒక్కగానొక్క కొడుకు కదా," అంది మా ఆయన వైపు చుట్టం ఒకావిడ. నేను ఎవరి వంకా చూడకుండా వెళ్ళి, మోకాళ్ళ మీద కూలబడి, తల నేలకు ఆనించి పెట్టె కిందికి చూశాను. "పడిపోతోంది, పట్టుకోండి," అని ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నా రెక్కలు పట్టుకున్నారు. "ఊరుకో తల్లీ, ఊరుకో," అన్నారు. నేను ఏడవడం లేదు, వెతుకుతున్నాను. వాళ్ళు లేపబోతుంటే ఇంకా వంగాను. మూల మీద సిలువ కనబడింది.

ఏడుపు అప్పుడొచ్చింది.

పెట్టెలో ఆవిడ ఆదివారాలు చర్చికి కట్టుకునే తెల్లచీర పరిచాం. సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక నా వంతు వచ్చినప్పుడు పిడికెడు మట్టి వేసి, తల ఒక పక్కకు వంచాను. చప్పుడు బరువుగా, నిండుగా వచ్చింది.

తిరుగు బస్సులో మా ఆయన కిటికీ పక్క సీటు నాకిచ్చారు. కొంత దూరం వచ్చాక, "మామిడే. గట్టి చెక్క. మనం కొన్నదే వెళ్ళింది," అన్నాను.

ఆయన తలూపారు.

"తలూపితే కాదు," అన్నాను.

"అవును," అన్నారాయన. బస్సు కుదిపినప్పుడల్లా నా గాజుల మధ్య వంగిన పిన్నీసు చిన్నగా చప్పుడు చేస్తూ వచ్చింది.