ఎదురుచూసినవాడే తెరవాలి

నిన్న మా యార్డులో ఒక పెద్ద చెక్కపెట్టె మూత లేపగానే పచ్చి చెక్క వాసన, తుప్పు పట్టకుండా పూసిన నూనె వాసన కలిసి ముఖానికి కొట్టాయి. అప్పలనాయుడు గారు పక్కనే ఉన్నారేమో అనిపించి వెనక్కి తిరిగి చూశాను.

కొత్తవలస దగ్గర గ్యాస్ పైపులైను స్టేషన్ కడుతున్నప్పుడు ఆయన మా మెటీరియల్ మేనేజర్. నాది మొదటి ఉద్యోగం. ఆర్డరు పెట్టిన సరుకు సైటుకు చేరేదాకా దాని వెంటపడటం నా పని. సరుకు ఆలస్యమైతే లారీలదో వానలదో తప్పనుకునేవాణ్ణి. చాలావరకు అది ఆగిపోయేది మా బల్లల మీదేనని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. డ్రాయింగు మారుతుంది, మారిందని ఫ్యాక్టరీకి ఎవరూ చెప్పరు. తనిఖీకి వెళ్ళాల్సిన మనిషి సెలవులో ఉంటాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. పెట్టె వస్తే స్టోర్సువాళ్ళ చేత తెరిపించేవారు కాదు. దాని కోసం పని ఆగి కూర్చున్న మేస్త్రీని పిలిపించి, గునపం అతని చేతికిచ్చి, "ఎదురుసూసినోడే తెరవాల," అనేవారు. మా పైపుల మేస్త్రీ సింహాచలం ఎచ్చెర్ల మనిషి. "కొత్త పెళ్ళికూతురు సారూ, మొగం సూడాలంటే బయమేస్తన్నాది," అని ప్రతిసారీ పరాచికమాడేవాడు. మాకదొక చిన్న పండగ.

పెద్ద వాల్వులు వచ్చినప్పుడు ఆ పండగను నేనే చెడగొట్టాను. లైనులో పీడనం పెంచడంతో డ్రాయింగు మారింది. ఆ మార్పును ఫ్యాక్టరీకి పంపడం మరిచిపోయాను. గుర్తొచ్చేసరికి పాత కొలతల వాల్వులు ప్యాకింగులో ఉన్నాయి. ఆపమంటే నా తప్పు బయటపడుతుంది. ఎలాగోలా సరిపోతాయిలే అని ఊరుకున్నాను. నాయుడు గారు అడిగితే దారిలో ఉన్నాయన్నాను. ఆ మాట నమ్మి ఆయన, వేరే సైటుకు పోతామంటున్న సింహాచలం జట్టును పని లేకపోయినా ఆగమని బతిమాలారు.

పెట్టె తెరిచాక చూస్తే వాల్వు అంచున బోల్టులు పట్టే రంధ్రాలు పైపు అంచు రంధ్రాలతో కలవలేదు. సింహాచలం గునపం మెల్లగా కింద పెట్టాడు.

"మా కుర్రోళ్ళకి ఏటి సెప్పాల సారూ?"

నాయుడు గారు నా వైపు చూశారు. అప్పుడు నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు. నన్ను స్టోర్సు వెనక్కి తీసుకెళ్ళి నెమ్మదిగా అన్నారు.

"వాల్వులు తప్పొచ్చినాయని కాదురా నా బాద. ముందే సెప్పుంటే ఆడు ఇంకో సైటు సూసుకునేవోడు. ఇప్పుడా సైటూ పోనాది. పద, నువ్వే సెప్పు."

జట్టు ముందు నేను తడబడుతూ చెబుతున్నంతసేపూ ఆయన నా పక్కనే నిలబడ్డారు. సాయంత్రానికి వాళ్ళు మూటలు సర్దుకున్నారు. సింహాచలం మళ్ళీ ఎప్పుడూ ఆయన దగ్గర పనికి రాలేదు. ఆ సంగతి ఎత్తి ఆయన నన్ను ఏనాడూ దెప్పలేదు. కానీ ఆ తర్వాత వచ్చిన పెట్టెల దగ్గర ఆయన నవ్వు మునుపటిలా లేదు.

నాయుడు గారు పోయి కొన్నేళ్ళయింది. సరుకు ఆలస్యమవుతుందని తెలిస్తే ఇప్పుడు నేను పైవాళ్ళకన్నా ముందు జట్టు దగ్గరికి వెళతాను. పోయిన నెల అలా వెళితే ఒక మేస్త్రీ అందరి ముందూ నన్ను కడిగిపారేశాడు. కదలకుండా విన్నాను. మర్నాడు వేరే పనికి బయల్దేరుతూ అతనే నా దగ్గరికొచ్చి, "సరుకొచ్చినాక ఫోన్ సెయ్యండి సారూ, మేమే వస్తాం," అన్నాడు.

ఆ ఒక్క మాట నాయుడు గారికి చెప్పుకోవాలని ఉంది.