కొంగల స్వెట్టర్

మొన్న ఏలూరు నుంచి ఉంగుటూరు వెళ్ళే బస్సులో నా పక్కనున్న అమ్మాయి ఒళ్ళో పసివాడు ఊలు స్వెట్టర్ తొడుక్కుని నిద్రపోతున్నాడు. ఛాతీ చుట్టూ తెల్ల కొంగల వరస, మధ్యలో ఒక కొంగ మెడ వెనక్కి తిప్పి చూస్తోంది. ఎక్కడ కొన్నావమ్మా అంటే, "తాడేపల్లిగూడెంలో ఒక ఆంటీగారు ఆర్డర్ మీద అల్లుతారండీ. డిజైన్ కూడా ఆవిడదేనంటండీ" అంది. బాగుందమ్మా అని కిటికీ వైపు తిరిగాను. ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆంటీగారు మా పెద్ద తోటికోడలు. నేను అక్కయ్యా అని పిలుస్తాను.

ఏలూరు ఎండల్లో ఊలు అల్లే నన్ను చూసి మా వీధివాళ్ళు నవ్వేవారు. ఇళ్ళల్లోకి ఏసీలొచ్చాక నవ్వడం మానేసి, పసిపిల్లలకు స్వెట్టర్లూ టోపీలూ అల్లిపెట్టమని ఆర్డర్లివ్వడం మొదలుపెట్టారు. అందరికీ ఆ కొంగలే కావాలి. అవి ఏ పుస్తకంలోవీ కావు. మా పుట్టిల్లు కొల్లేరు పక్కన. చేపల చెరువు గట్టు మీద నాన్న పక్కన కూర్చుని చూసిన కొంగలవి. వెనక్కి చూసేదాన్ని నాన్న కాపలా కొంగ అనేవారు. ఆ మెడ ఒంపు ఊలులో కుదరక ఒక చలికాలమంతా అల్లడం, విప్పడం. మావారికి వేళకు అన్నం పెట్టిన గుర్తు లేదు. ఆ అల్లిక ఎవరికీ నేర్పలేదు. అక్కయ్య అడిగి ఉంటే నేర్పేదాన్నే.

అక్కయ్య తన కూతురికి పుట్టబోయే బిడ్డకని ఒకటి అడిగింది. డబ్బు వద్దన్నాను. "అదేం మాటమ్మా, నీ చేతి కష్టం ఊరికే తీసుకుంటానా" అని నా గుప్పిట్లో పెట్టి మూసింది. ఎంత మర్యాదో అని పొంగిపోయి, మెత్తటి ఊలు తెప్పించి, మిగతా ఆర్డర్లన్నీ పక్కనపెట్టి అల్లాను.

బిడ్డ పుట్టాక చూడ్డానికి తాడేపల్లిగూడెంలో అక్కయ్య ఇంటికి వెళ్ళాను. తువ్వాలు కోసం అలమర తెరిస్తే ఊలు ఉండ కనిపించింది. కొత్త ఊలు తిన్నగా ఉంటుంది. అల్లి విప్పినది, జడ విప్పిన జుట్టులా వంకీలు తిరిగి ఉంటుంది. ఇది వంకీల ఊలు, రంగు నేను తెప్పించినదే. పక్కన సూదుల మీద సగం అల్లిన కొంగలు. నా స్వెట్టర్‌ని వరస వరసా విప్పి, ఏ కుట్టు ఎక్కడ పడిందో చూసి నేర్చుకుంది. ఆ బిడ్డ దాన్ని ఒక్కసారైనా తొడుక్కోలేదు.

"అడిగితే చెప్పేదాన్ని కదా అక్కయ్యా" అన్నాను.

ఆవిడ కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, నెమ్మదిగానే అంది: "డబ్బిచ్చి కొనుక్కున్నాను కదమ్మా. తొడిగినా విప్పినా నా ఇష్టం కదా."

ఆ రోజు నా గుప్పిట ఎందుకు మూసిందో అప్పుడర్థమైంది. కాఫీ మాత్రం తాగాను. తర్వాత గూడెం వైపు ఆర్డర్లన్నీ ఆవిడకే పోయాయి. పోతే పోయాయి. నేను డబ్బు పుచ్చుకునేలా చేసి మరీ మోసం చేసిందే, అదే నాకు మింగుడు పడదు.

ఆ బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తోంది. శుభకార్యాల్లో అక్కయ్యా నేనూ పక్కపక్కనే కూర్చుంటాం. అక్కయ్యా అని పిలవబోయే ముందు ఒక్క క్షణం ఆగుతాను. ఏళ్ళు గడిచిపోయాయి గానీ, ఆ ఒక్క క్షణం గడవడం లేదు.