వదినకు అప్పజెప్పిన పద్యాలు

మొన్న ఒక పెళ్లికి పోతూ కాజీపల్లి మీదుగా వెళ్తుంటే కంపెనీల్లో షిఫ్టు మారే వేళయింది. బస్సులు దిగేవాళ్లు దిగుతున్నారు, ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, ఎవరి చెవుల్లో వాళ్లకు పాటలు. ఒకరినొకరు పలకరించుకున్నది లేదు. చూస్తూ ఉంటే, ఎనభైల చివర పదో తరగతి తెలుగులో తప్పి అక్కడే మాత్రల కంపెనీలో చేరిన రోజులు గుర్తుకొచ్చాయి.

తెలుగులో తప్పడమేమిటని మీరు నవ్వుతారేమో; అప్పట్లో మా ఊరు ఊరంతా నవ్వింది. లెక్కల్లో గట్టెక్కిన దాన్ని, పద్యానికి తాత్పర్యం రాయమంటే మాత్రం చెమటలు పట్టేవి. గైడు బట్టీ పట్టడం, మరిచిపోతే ఒక్కో మాటకు అర్థం రాసి వాటినే వరుసగా అతికించడం, నాకు తెలిసిన విద్య అంతే. మళ్లీ తప్పితే చదువు మాట ఎత్తవద్దని నాన్న తేల్చి చెప్పాడు. టీచరునయ్యే తీరాలని నా పంతం.

మా వదిన, అంటే పెద్దన్న భార్య, నేను పొద్దుటి షిఫ్టు చేసే ప్యాకింగు బల్ల దగ్గరే మధ్యాహ్నం షిఫ్టు చేసేది. రెండింటికి నేను డ్యూటీ దిగితే తాను ఎక్కేది. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు పని అప్పజెప్పి కదలాలి: ఏ మిషను మొరాయిస్తున్నది, ఎంత పని మిగిలింది, దేని మీద కన్నేసి ఉంచాలి, అంతవరకే. సోది పెడితే సూపర్‌వైజరు కసిరేవాడు, అసలు ముక్క విడిచిపెడితే వచ్చినవాళ్ల పని ఆగమయ్యేది.

ఒకనాడు అలా అప్పజెప్పాక, పొద్దుటి నుంచి నోట్లో నానుతున్న పద్యం కూడా వదినకు వినిపించాను. ఒక మంత్రి రాజుతో మాట్లాడే పద్యం, నిండా పొడుగాటి సమాసాలు. బడి గడప తొక్కని వదిన, నేను ఏనుగులకూ గొడుగులకూ అర్థాలు చెబుతూ పోతుంటే ఓపికగా విని, "గవన్ని సరేగని, ఇంతకు ఆ మంత్రి రాజుకు ఏం జెప్పవట్టె?" అన్నది. ఆ సంగతి నాకు నిజంగానే తెలియదు.

ఇంటికి పోయి అన్నమైనా ముట్టకుండా పుస్తకం ముందు కూర్చున్నాను. చివరెక్కడో ఉన్న క్రియను పట్టుకుని, ఎవరు, ఎవరితో, ఎందుకు అని వెతుక్కుంటూ వెనక్కి వస్తే, యుద్ధం వద్దని బతిమాలుతున్న ఒక ముసలాయన కనిపించాడు. మర్నాడు వదినకు నాలుగు మాటల్లో చెప్పాను. "అయ్యో పాపం! మరి రాజు ఇన్నడా?" అని ఆమె అడిగినప్పుడు తెలిసింది నాకు, తాత్పర్యమంటే ఏమిటో.

ఇక పట్టు వదల్లేదు. కాళ్లు లాగినా కళ్లు మండినా రోజుకొక పద్యం వదినకు చెప్పాల్సిందే. పరీక్షలో ఎన్నడూ చూడని పద్యం ఇస్తే, ఎదురుగా వదిన నిలబడి వింటున్నదనుకుని రాసేశాను.

పాసయ్యాను. ఇంటరు చదువుకు సంగారెడ్డి పోతున్నానని చెబితే వదిన నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చింది. సంతోషంతో అనుకున్నాను.

"మంచిదే పిల్లా. ఇగ రెండుగొట్టంగ నాకెవలు చెప్తరు?" అన్నది.

అన్నాళ్లూ నా కోసమే వింటున్నదనుకున్నాను.

తరవాత టీచరునై ఎందరో పిల్లలకు పద్యాలు చెప్పాను. వదిన పోయి ఏళ్లయింది. ఇప్పుడు ఏ పద్యానికైనా భావం ఫోనులో క్షణంలో దొరుకుతుంది, మంచిదే. కాని కొరుకుడుపడని పద్యం ఒకటి నాకు విడివడిన రోజున, చెబితే విందామని కాచుకున్న మనిషి లేదన్న దిగులు మాత్రం తీరడం లేదు.