చాగలమర్రి గృహిణి

చాగలమర్రిలో నేను బస్సు దిగింది రెండు మూడు సార్లే. అయినా ఏడాదిన్నర పాటు నేను చాగలమర్రి గృహిణిని. ఇద్దరు పిల్లలు, హైవే పక్కన టీ అంగడి నడిపే భర్త, మోకాళ్ల నొప్పుల అత్త. అందరినీ నేనే కల్పించాను. సోషల్ మీడియా ప్రొఫైల్‌లో మొహం బదులు మందార పువ్వు పెట్టాను. ఆమెతో పాటు వెలుగోడు రైతు, అహోబిలంలో జీపు తోలే మనిషి, ఇలా ఇంకో ఏడుగురు ఉండేవాళ్లు. మనిషికో ఫోను. ఎనిమిది ఫోన్లు బల్ల మీద పరుచుకుని, నంద్యాలలో మిక్సీలు బాగుచేసే అంగడి మీది గదిలో నేను ఉద్యోగం చేశాను.

అంతకుముందు మా ఊరు ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. బడి మూతబడింది. రాయడం వచ్చినవాళ్లు కావాలట అని ఎవరో చెబితే వెళ్లాను. వీధిలో మాత్రం కంప్యూటర్ పని అని చెప్పుకున్నాను. ఏ పార్టీ అని అడక్కండి. ఎదుటి పార్టీకీ రెండు వీధుల అవతల అలాంటి గదే ఉండేది. టీ మాత్రం ఇద్దరికీ ఒకే అంగడి నుంచి వచ్చేది.

పొద్దున్నే, ఆ గది నడిపే సారు లైన్ చెప్పేవాడు. ఆ రోజు ఎవరిని పొగడాలి, ఎవరిని తిట్టాలి అన్నదే లైన్. తిట్టడానికి నలుగురు మగవాళ్లు ఉండేవాళ్లు. అరగంటలో కానిచ్చి క్రికెట్ చూసుకునేవాళ్లు. నాకు అప్పగించింది జాలి. తిట్లు చదివిన మనిషి ఎవరో కావాలని తిట్టిస్తున్నారని అనుమానపడతాడు. జాలి చదివితే నమ్మేస్తాడు. అందుకని తిట్లన్నీ పడ్డాక చాగలమర్రి గృహిణి నిదానంగా వచ్చి, "పాపం, ఆయన్ను అట్లా అనొద్దండీ, ఈ మధ్య ఆరోగ్యం బాగాలేదంట" అని ఒక్క ముక్క రాసిపోయేది. ఇక ఆ మనిషి ఏం మాట్లాడినా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. జాలిలో చిటికెడు నిజం కలపాలి అనేవాడు సారు. ఆ కలపడం నాకు బాగా చేతనయ్యేది. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. అప్పుడు ఉండేది కాదు.

ఆ ఎండాకాలం మా వీధిలో కొళాయి నీళ్లు ఎర్రగా రావడం మొదలైంది. మా గోడ అవతలి ఇంట్లో ఒక అక్క ఉంది. తోడబుట్టింది కాదు, రవికలు కుట్టుకుని బతికే మనిషి. రంజాన్‌కు వాళ్ల సేమ్యా, ఉగాదికి మా ఓళిగలు ఆ గోడ మీదుగానే చేతులు మారేవి. ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేసేవాడు, పోయి రెండేళ్లయింది. మేం గదిలో రోజూ పొగిడే నాయకుడు మా వార్డుకు వచ్చిన రోజు అందరూ దండలతో నిలబడితే, అక్క ఆ నీళ్లు సీసాలో పట్టుకుని నిలబడింది.

"ముందు మీరొక గుక్క తాగండి నాయనా. ఆమీట మేం తాగుతాం" అంది.

ఎవరో ఫోనులో తీశారు. సాయంత్రానికి అది జిల్లా అంతా తిరిగింది.

మరుసటి రోజు లైన్ ఆమే. ఎదుటి పార్టీ దుడ్లిచ్చి నిలబెట్టిన మనిషి అని రాయాలి. ఆ నలుగురు అప్పటికే మొదలుపెట్టారు. వాళ్లు ఆమెను, ఆమె మతాన్ని అన్న మాటలు ఇక్కడ రాయను. ఆమె మా పక్కింటి మనిషని నేను చెప్పలేదు. పైగా నాకొక పిచ్చి ఆలోచన వచ్చింది. నేను జాలిగా రాస్తే తిట్లు ఆగిపోతాయి, ఆమె జోలికి ఇంకెవరూ పోరు అనుకున్నాను. ఏడాదిగా జాలితోనే మనుషుల నోళ్లు మూయిస్తున్నదాన్ని, ఆ జాలే ఆమెను కాపాడుతుందని నిజంగా నమ్మాను.

"పాపం, ఆయమ్మను తిట్టకండి. భర్త పోయినప్పటి నుంచి మనసు నిలకడగా లేదంట. ఇప్పటికీ అన్నం వేళకు ఆయనకు కూడా కంచం పెడుతుందంట. అట్లాంటి మనిషి చేతికి సీసా ఇచ్చి పంపినోళ్లది తప్పు."

ఇదీ నేను రాసింది. తిట్లు ఆగిపోయాయి. వాటి బదులు ఏడుపు బొమ్మలు వచ్చాయి. సారు దాన్ని ఫొటో తీసి అన్ని గ్రూపులకూ పంపి, మధ్యాహ్నం నాకు బిర్యానీ తెప్పించాడు. తిన్నాను.

సాయంత్రం ఆళ్లగడ్డ బస్సులో నా వెనక సీటు ఆడవాళ్లు ఆ కంచం గురించే చెప్పుకుంటున్నారు. రెండు రోజులకు అది మా వీధి కొళాయి దగ్గరికీ వచ్చింది.

"ఈ పొద్దు గూడా బురదే వస్తాంది సూడండి" అని అక్క అంటే, ఎవరూ నీళ్ల వైపు చూడలేదు. ఆమెను చూశారు.

"పాపం, నువ్వు ఇంటికి పో అక్కా. బిందె మేం తెస్తాంలే" అన్నారు.

ఎవరి మనసులోనూ చెడు లేదు. అదే నాకు భరించరానిదయింది. కుట్టడానికిచ్చిన గుడ్డలు కూడా, నీకెందుకులే శ్రమ అంటూ ఒక్కొక్కరే వెనక్కి పట్టుకుపోయారు.

ఆదివారం మధ్యాహ్నం అక్క గోడ మీదుగా పిలిచింది.

"అన్నం తిన్యావా మే? రా."

వెళ్లాను. నేల మీద రెండు కంచాలు పెట్టింది. ఒకటి తనకు. రెండోది పాత స్టీలు కంచం, అంచున ఆమె భర్త పేరు చెక్కించి ఉంది. దాన్ని నా ముందుకు జరిపి, అన్నం, పప్పు వడ్డించింది.

"ఈ తట్ట సంగతి నేను నీ ఒక్కదానికే చెప్పింటి" అంది.

నేను తల ఎత్తలేకపోయాను.

"నన్ను పిచ్చిదంటే అనుకోనీ. ఆయప్పకు పెట్టేది మానుకున్యా మే. పెట్టబోతే ఊరంతా నిలబడి సూస్తాండట్ల ఉంది. అందుకే నీకు పెట్న్యా. తిను."

తిన్నాను. ఒక్క మెతుకు కూడా వదలకుండా తిన్నాను.

ఆ వారమే ఉద్యోగం మానేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. మానలేదు. ఇంకో నాలుగు నెలలు అదే బస్సు, అదే గది. చివరికి మానేసింది కూడా ధైర్యంతో కాదు, చేతకాక. ఫోన్లన్నీ సారుకు అప్పగించాను. నా తర్వాత ఎవరో కొత్తమ్మాయి వచ్చిందని విన్నాను.

మానేశాక ఒకరోజు నా సొంత పేరుతో, నా సొంత ఫొటోతో రాశాను. చాగలమర్రిలో అలాంటి గృహిణి ఎవరూ లేరని, ఆ మాట రాసింది నేనేనని, అక్కకు మతి నిక్షేపంగా ఉందని, నీళ్లు మాత్రం నిజంగానే బురద అని రాశాను. గంటలోపే కింద జవాబు వచ్చింది. పక్కన మందార పువ్వు.

"పాపం, ఈమెను ఏమీ అనకండి. బడి మూతపడి ఉద్యోగం పోయినప్పటి నుంచి ఇట్లానే ఉందంట."

కోపం రావాలి. రాలేదు. చిటికెడు నిజం ఎంత బాగా కలిపింది అనిపించింది, అంతగా అలసిపోయి ఉన్నాను.

మరుసటి రోజు కొళాయి దగ్గర బిందె పెట్టి, "నీళ్లు బురదగా వస్తాండాయ్" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నా మొహంలోకి చూశారు. ఒకామె నా భుజం మీద చెయ్యి వేసి, పాపం అంది. అక్క ఒక్కతే వంగి, నా బిందెలోకి చూసింది.