అత్త తుపాకీ స్టేషన్లోనే ఉండింది

మా మేనత్త పోయిందని పోయిన నెల ఒక పొద్దున పక్కింటి అక్క ఊరి నుంచి ఫోన్ చేసి చెప్పింది. నేను కావలిలో పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతున్నాను. ఏడుపు రాకముందే నా నోటి నుంచి వచ్చిన మాట, "ఎవరు చూసినారు?" అని.

"నేనే మే. పాలు ఇద్దామని పోతే తలుపు తియ్యలేదు. కిటికీలోంచి చూస్తే మంచం మీదనే ఉండాది, నిద్రపోయినట్టు."

డాక్టరు వచ్చినాడా, ఏం చెప్పినాడు, కాగితం మీద రాసిచ్చినాడా అని ఒకదాని వెంట ఒకటి అడిగాను. అవతల అక్క, "అచ్చం మీ అత్త మాదిరే అడగతా ఉండావే" అంది. అప్పుడొచ్చింది ఏడుపు.

అత్త ఎవర్నీ ఊరికే నమ్మేది కాదు. అయిదో తరగతి చదివిన మనిషి. కాగితం చేతికొస్తే పెదాలు కదుపుతూ చివరి అక్షరం దాకా చదివేది. గ్యాసు బండ తెచ్చిన అబ్బాయి ముందే సీలు తడిమి చూసేది. మాత్రల అట్ట మీద సన్న అక్షరాల్ని భూతద్దం పెట్టి చదివి, అర్థం కాకపోతే నాకు ఫోన్ చేసి ఒక్కో అక్షరం చెప్పి అర్థం అడిగేది. "నవ్వతా ఇచ్చిన కాగితాన్ని రెండుసార్లు చదవాల మే" అనేది. మా ఇంట్లో అందరూ దానికి నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

అత్తకు ఒక తుపాకీ ఉండేది. ఈ మాట చెబితే కొత్తవాళ్లు నా మొహం వంక అదోలా చూస్తారు. ఒంటి గొట్టం తుపాకీ, పంట కాపలాకని లైసెన్సు. మా ఊరు సముద్రానికి దగ్గర. ఒక పక్క రొయ్యల గుంటలు, ఇంకో పక్క సరుగుడు తోపులు, మధ్యలో ఇసక నేలలు. అత్తది రెండెకరాల ఇసక నేల, శనక్కాయ వేసేది. కాలవ గట్టున సర్కారు తుమ్మ పెరిగి అడవయింది. అందులో అడవిపందులు చేరాయి. కాయ ఊరే రోజుల్లో గుంపు ఒక్కసారి దిగితే చాలు, పొద్దున్నే చూస్తే దున్నేసినట్టు ఉంటుంది చేను. అత్త పొద్దుగూకే వేళ గట్టు మీద నిలబడి గాల్లోకి ఒక్కటి పేల్చేది. అంతే. దానితో ఒక్క ప్రాణం కూడా తియ్యలేదు. శబ్దం కోసమే ఆ తుపాకీ.

అది మామది. ఆయన పోయినప్పుడు తీసుకెళ్లి స్టేషన్లో అప్పగించి, తన పేరు మీద లైసెన్సు కావాలని అర్జీ పెట్టుకుంది. పెద్దాఫీసులో ఒకాయన, "ఆడమనిషివి, ఈ వయసులో నీకెందుకమ్మా తుపాకీ?" అన్నాడట. "నేను ఆడో మగో పందులకు తెలీదు సార్" అందట అత్త. లైసెన్సు చేతికొచ్చేసరికి రెండు పంటలు పోయాయి. ఆ రెండేళ్లూ ఆమె ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, ఎవరితోనూ చెప్పించుకోలేదు. పిలిచినప్పుడల్లా వెళ్లి కూర్చుంది.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. చాటింపు రాకముందే మా ఊరి నుంచి మొదట వెళ్లేది అత్తే. తుపాకీని పాత దుప్పటిలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోయేది. గొట్టం మీది నంబరు స్టేషన్లో రికార్డులు రాసే రైటర్ చేత పైకి చదివించి, రసీదులో ఆ నంబరు తన కళ్లతో చూసుకునిగానీ కదిలేది కాదు. ఒకసారి వెనక్కి తెచ్చుకునేటప్పుడు తుపాకీ కట్టె మీద కొత్త గీత కనబడింది. "ఇది నాది కాదు. ఇచ్చేటప్పుడు లేదు" అని బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుని, గీత ఉన్నట్టు రాయించుకుని వచ్చింది. స్టేషన్లో వాళ్లకు ఆమె అంటే విసుగూ ఉండేది, కొంచెం భయమూ ఉండేది.

నాకు తుపాకులంటే పడదు. ఎవరి దగ్గరా ఉండకూడదనీ, ప్రభుత్వం ఇంకా గట్టిగా ఉండాలనీ అత్తతో వాదించేదాన్ని. ఒకసారి శనక్కాయలు వొలుస్తూ అంది: "ఉండకూడదంటే సరే, తియ్యమను. నాదాంతో మొదలుపెట్టి నాదాంతోనే ఆపితే ఎట్టా? నా తుపాకీ యాడుందో వాళ్లకు తెలుసు. తెలిసినదాని మీదనే తిరగతా ఉంటే తెలియనిది ఎప్పుడు పట్టుకుంటారు?" నేను ఏదో పుస్తకాల మాట చెప్పాను. ఆమె ఇంకో గుప్పెడు కాయలు నా ముందుకు తోసింది.

మొన్నటి ఎన్నికలప్పుడు నేను సెలవుకు ఆమె దగ్గరే ఉన్నాను. తుపాకీ అప్పటికి మూడు వారాలుగా స్టేషన్లో ఉంది. పక్క ఊళ్లో రొయ్యల గుంట దగ్గర గొడవై ఎవరో కాల్చారు, ఒక మనిషి తొడలోకి తూటా రవ్వలు దిగాయని పొద్దున్నే తెలిసింది. కాఫీ తాగుతున్నాం. జీపు వచ్చి ఆగింది.

"అమ్మా, మీకు తుపాకీ ఉంది కదా?" అన్నాడు ఎస్సై. కొత్తగా వచ్చినవాడు, చిన్నవాడు.

"ఉండాది. మీ గదిలో ఉండాది" అంది అత్త. లోపలికి వెళ్లి రసీదు తెచ్చి చూపింది.

ఆయన రసీదు చదివాడు. మడిచి తిరిగిచ్చాడు. "ఇది కాకుండా ఇంకోటి?"

"ఇంకోటి ఉంటే ఇది మీ దగ్గర పెట్టి రసీదు ఎందుకు తీసుకుంటా అబ్బయా?"

అయినా ఇల్లు వెతికారు. బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టారు, పరుపు తిరగేశారు. ఊరు ఊరంతా గోడ అవతల నిలబడి చూస్తోంది. అత్త నడవలో కుర్చీ వేసుకుని, ఒక్కొక్కరి చేతుల వైపే చూస్తూ కూర్చుంది, వాళ్లే ఏదైనా పెట్టి తీస్తారేమోనని. అప్పుడు ఎస్సై నా వైపు తిరిగాడు.

"మీరు టీచరు కదా మేడమ్. చదువుకున్నవాళ్లు. మీ అత్తగారికి ఇంకో ఆయుధం ఏదైనా ఉందా?"

లేదు అనాలి. రెండక్షరాల మాట. కానీ ఆ క్షణంలో నాకు అటక గుర్తొచ్చింది, మామ పాత ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. ఈవిడ ఎవర్నీ నమ్మదు కదా, ఎందుకైనా మంచిదని ఏదైనా దాచి ఉంటుందా అనిపించింది.

"నాకు తెలీదు సార్" అన్నాను.

అత్త తల తిప్పి నన్ను చూసింది. అటక మీద పాత చాపలు, ట్రంకులో మామ పంచెలు తప్ప వాళ్లకేమీ దొరకలేదు. జీపు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అన్నం వడ్డించింది. నేను చేయి కడుక్కుని వచ్చేసరికి తాళాల గుత్తి నా విస్తరి పక్కన ఉంది.

"ఇల్లంతా చూడు" అంది.

"వద్దత్తా. నేను అట్టా అనుకోలేదు."

"అనుకున్నావు. తప్పు కాదు. వాళ్లు చూసినారు, నువ్వు చూడలేదు. చూడకుండా నన్ను నమ్మొద్దు. లే."

కూర్చోనివ్వలేదు. బీరువా తెరిపించింది, ట్రంకు పెట్టె తెరిపించింది. పెరట్లో పిడకల గూడు కూడా చూపించింది. నిచ్చెన తానే పట్టుకుని నన్ను అటక ఎక్కించింది. దుమ్ముతో, సిగ్గుతో దిగి వచ్చాను.

"ఇప్పుడు చెప్పు. ఉండాదా?"

"లేదత్తా."

"ఆ మాట పొద్దున రావాల్సింది" అంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. చల్లారిన చేపల పులుసు వేడి చేసి పెట్టింది.

కాల్చినవాడు రెండు వారాలకు దొరికాడు. నాటు తుపాకీ. దానికి లైసెన్సు లేదు, నంబరు లేదు, ఏ ఎన్నికలకూ ఏ స్టేషన్ గడపా తొక్కలేదు. ఆ సంగతి మాకు పేపర్లో చూస్తేనే తెలిసింది. జీపులో వచ్చినవాళ్లెవరూ అత్తకు వచ్చి చెప్పలేదు.

ఎన్నికలు అయిపోయాయి, అందరి తుపాకులూ వెనక్కి వచ్చాయి, అత్తది రాలేదు. సరిగ్గా అప్పుడే లైసెన్సు గడువు తీరి రెన్యువల్‌కు పెట్టింది. విచారణ రిపోర్టు నకలు ఎట్లాగో సంపాదించి నాకు ఇచ్చి చదవమంది. ఇంటి సోదాలో ఏమీ దొరకలేదని రాసి, కింద ఇంకో వాక్యం రాశారు: "దరఖాస్తుదారు వద్ద వేరే ఆయుధం లేదని దగ్గరి బంధువు సైతం చెప్పలేకపోయారు." నేను ఆ వాక్యం పైకి చదవలేదు. ఆమె దాన్ని అప్పటికే రెండుసార్లు చదివి ఉంటుందని నాకు తెలుసు. రెన్యువల్ పెండింగులో పడింది.

ఆ ఏడు శనక్కాయ ఊరే రోజుల్లో అత్త పళ్లెం, గరిటె పట్టుకుని గట్టు మీదికి పోయింది. పిల్లలున్న తల్లి పంది శబ్దానికి బెదరలేదు, మీదికొచ్చింది. తొడ చీరుకుపోయింది. నెల్లూరు ఆసుపత్రిలో పదహారు రోజులు ఉన్నాం. అక్కడ కూడా నర్సు తెచ్చిన ప్రతి సూది మందు పేరూ అడిగింది. ఇంటికొచ్చింది గానీ కర్ర లేకుండా మళ్లీ నడవలేదు. చేను బీడు పెట్టింది. ఏడాది తిరక్కుండా పోయింది.

తుపాకీ ఉంటే బతికేదని నేను అనను. గుండె ఆగిందని డాక్టరు రాసిచ్చాడు, నేను చదివాను. కానీ గట్టు మీదికి పళ్లెంతో పోవాల్సిన అవసరం ఆమెకు రాకుండా ఉండాల్సింది. నిబంధనలు ఇంకా బిగిస్తారట అని ఈ మధ్య టీవీలో ఎవరో సంతోషంగా చెబుతుంటే, ఒకప్పుడు నేనూ అలాగే తల ఊపేదాన్నని గుర్తొచ్చింది. ఇప్పుడు నాకు వెంటనే వచ్చే అనుమానం ఒకటే. బిగించేది ఎవరి మెడకు? చెప్పినప్పుడల్లా తనంతట తాను వెళ్లి నిలబడేవాళ్లకేనా? పట్టుకోవడానికి తేలికైనవాళ్లు వేరు, పట్టుకోవాల్సినవాళ్లు వేరు. అత్త ఆ తేడా నాకు కాయలు వొలుస్తూ చెప్పింది. నాకు అర్థమయ్యేసరికి ఆమె లేదు.

కర్మలు అయ్యాక స్టేషన్‌కు వెళ్లాను. మరణ ధ్రువపత్రం ఇచ్చి, ఇంకో కాగితం కూడా ఇచ్చాను. సోదా రోజున తెలియదని చెప్పిన బంధువు నేనేనని, మా అత్త వద్ద వేరే ఆయుధం ఏదీ లేదని, ఇల్లంతా నేనే స్వయంగా చూశానని రాసి సంతకం పెట్టాను.

రైటర్ చదివి, "చనిపోయినామె కదా మేడమ్, ఇప్పుడు ఇదెందుకు?" అన్నాడు.

"ఫైల్లో ఉండాల. ముందు రాసిన వాక్యం ఉంది కదా, దాని పక్కన ఉండాల."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. దీని వెనక ఏముందో అని వెతుకుతున్నట్టు చూశాడు. తర్వాత నకలు మీద ముద్ర కొట్టిచ్చి, మరణ పత్రం వివరాలు అత్త తుపాకీకి కట్టిన చీటీ మీద రాయడానికి పక్క గది తలుపు తెరిచాడు. గుమ్మంలోంచి లోపలికి చూశాను. అత్తదానిలాగే రెన్యువల్ ఆగినవి కాబోలు, గోడకు వారగా వరసగా తుపాకులు ఆనించి ఉన్నాయి. ఒక్కోదాని గొట్టానికీ పురికొసతో ఒక అట్ట చీటీ, దాని మీద ఒక మనిషి పేరు. పైన ఫ్యాను తిరుగుతోంది. పేర్లన్నీ మెల్లగా ఇటూ అటూ ఊగుతున్నాయి.