పరపతి సంఘం ముందు వరుస

పుణ్యవతిగారు సహకార శాఖలో ముప్పై రెండేళ్లు ఆడిటరుగా పనిచేసి, కాకినాడలో రిటైరై, మియాపూర్‌లో కొనుక్కున్న ఫ్లాటుకి వచ్చారు. ఊరికే కూర్చోలేక నానక్‌రామ్‌గూడలో ఒక పరపతి సంఘానికి కార్యదర్శిగా చేరారు. చుట్టుపక్కల ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు, మేనేజర్ల నుంచి క్యాబు డ్రైవర్ల దాకా, అందులో నెలనెలా దాచుకుంటారు. అవసరమైనవాళ్లు అప్పు తీసుకుంటారు.

సభ్యులకు ఆవిడ పద్ధతి నచ్చేది కాదు. మిగులు సొమ్ము క్రిప్టోలో పెడదామంటే వద్దన్నారు. కోకాపేటలో రాబోయే టవరులో పెడదామంటే, "పునాది తవ్వనివ్వండి, చూద్దాం" అన్నారు. అంతా తీసుకెళ్లి ప్రభుత్వ బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేశారు. సంఘం అధ్యక్షుడు అవినాష్, నలభై మంది మీద మేనేజరు, "మేడమ్‌ది పాత వెర్షన్" అని ఆవిడ ముందే నవ్వేవాడు.

ఈ వేసవిలో ఒకే వారం మూడు కంపెనీలు మనుషుల్ని తీసేశాయి. సభ్యుల్లో పంతొమ్మిది మందికి ఉద్యోగాలు పోయాయి. ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఎవరో "మన డిపాజిట్లు సేఫేనా?" అని అడిగారు. గంట తిరిగేసరికి అది "డిపాజిట్లు పోయాయట" అయింది. అవినాష్ వెంటనే ధైర్యం చెప్పాడు. "వంద శాతం భద్రం. ఎవరూ కంగారు పడొద్దు" అని రాసి, కింద మూడు దణ్ణాల బొమ్మలు పెట్టాడు.

మర్నాడు పొద్దున్న పుణ్యవతిగారు వచ్చేసరికి ఆఫీసు మెట్ల దాకా వరుస ఉంది. అందరికన్నా ముందు అవినాషే ఉన్నాడు.

"మీరేంటండీ ఇక్కడ?"

"సభ్యుల్లో నమ్మకం నింపుదామని వచ్చాను మేడమ్," అంటూ డిపాజిట్ వెనక్కి తీసుకునే ఫారం అందించాడు.

వెనక నుంచి పోచయ్య అనే క్యాబు డ్రైవరు అడిగాడు. "అమ్మా, బ్యాంకుల ఐదు లక్షల దాకా బీమా ఉంటదంట గదా. మనకున్నదా?"

"లేదండి. అది బ్యాంకులకే. మనది సంఘం. ఆ మాట మీరు చేరినప్పుడు సంతకం పెట్టిన నిబంధనల్లోనే ఉంది."

వరుసంతా గగ్గోలు పెట్టింది. పొద్దస్తమానం కోడులో తప్పులు పట్టేవాళ్లలో ఆ నాలుగు పేజీలు చదివినవాడు ఒక్కడూ లేడు.

"మరి మా పైసలేడున్నయమ్మా?"

"మూడో వంతు బ్యాంకులో ఉంది. అడిగిన రోజున వస్తుంది. మిగతాది మీతో పాటు వరుసలో నిలబడ్డవాళ్ల దగ్గరే ఉందండి. అప్పులు తీసుకున్నారుగా."

పోచయ్య తన ముందున్నాయన్ని తేరిపార చూశాడు. ఆయన మెల్లగా పక్కకి తిరిగాడు.

పుణ్యవతిగారు రిజిస్టరు తెరిచారు. "అవినాష్‌గారూ, మీ డిపాజిట్ నాలుగు లక్షలు. కారు కోసం తీసుకున్న అప్పులో ఇంకా ఆరు లక్షలు కట్టాలి. నిబంధన ప్రకారం డిపాజిట్‌ని ముందు అప్పులో జమ చేసుకోవాలి. ఆ పైన మీరే రెండు లక్షలు ఇవ్వాలి. జమ చేసేయమంటారా?"

అవినాష్‌కి అప్పుడే ఫోనొచ్చింది. మోగిన చప్పుడు మాత్రం ఎవరికీ వినబడలేదు. అతను బయటికి వెళ్లాక సగం వరుస కరిగిపోయింది.

మిగిలినవాళ్లలో అడిగిన ప్రతివాళ్లకీ ఆవిడ ఇచ్చేశారు. ఒక ఫిక్సెడ్ డిపాజిట్ మధ్యలోనే రద్దు చేయాల్సి వచ్చింది. పోచయ్యకు అప్పు లేదు. ఎనభై వేలు దాచుకున్నాడు.

"సగం ఇయ్యమ్మా," అన్నాడు.

"మొత్తం తీసుకున్నా నేనేమీ అనుకోనండి."

"జర ధైర్యమొచ్చింది. మొత్తం రాలే."

ఆవిడ నవ్వి, నలభై వేలు లెక్కపెట్టి ఇచ్చారు. మధ్యాహ్నం గది ఖాళీ అయ్యాక టీ పక్కన పెట్టుకుని, మిగిలిన సొమ్ము రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. అప్పటిదాకా భయపడడానికి తీరిక దొరకలేదు.

ఉద్యోగాలు పోయిన పంతొమ్మిది మందికీ వాయిదాలు ఆరు నెలలు వెనక్కి జరిపించారు. కమిటీలో ఆ మాటకి రెండుసార్లు ఓడిపోయి, మూడోసారి నెగ్గారు. సంఘం నిలబడింది.

తర్వాత జరిగిన సర్వసభ్య సమావేశంలో, కష్టకాలంలో సంఘాన్ని ముందుండి నడిపించినందుకు అవినాష్‌కి శాలువా కప్పారు. అతను నాయకత్వం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పుణ్యవతిగారు చివరి కుర్చీలో కూర్చుని మినిట్స్ రాసుకున్నారు.

బయట పోచయ్య ఆగి అడిగాడు. "మీకేమియ్యలేదా అమ్మా?"

"జీతం పెంచుతామన్నారండి," అన్నారావిడ. "మాంద్యం పోయాక."